తాళమా, చెవా, సంతకమా?

సందేహం: స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) రాసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో సూచనలు తయారుచేస్తున్నాం. ఏ స్వరాలను అర మెట్టు ఎక్కించాలో, దించాలో గీతల మొదట్లో చెప్పే 'కీ సిగ్నేచర్'ను ఒకరు 'తాళపు సంతకం' అన్నారు, ఇంకొకరు 'శ్రుతి గుర్తు' అన్నారు. ఏది సరి? 'కీ సిగ్నేచర్‌ను జోడించండి' అనవచ్చా?

సమాధానం: 'తాళపు సంతకం' మాత్రం వద్దు మహాప్రభో! సంగీతం తెలిసినవాడు ఆ మాట చూడగానే ఆదితాళమో రూపకమో అనుకుని, లయ లెక్క చెప్పే టైమ్ సిగ్నేచర్ దగ్గర వెతుక్కుంటాడు. నిఘంటువు తెరిచి మొదటి అర్థం దించేసుకునే అనువాదకులకు బీగం తాళం, లయ తాళం ఒకటే కాబోలు. పైగా 'కీ' అంటే తాళం కూడా కాదు, తాళం చెవి.

ఆ 'చెవి' సంగతి కాస్త చెప్పుకోవాలి. పోర్చుగీసులో తాళం చెవిని 'షావె' అంటారు. తమిళుల 'సావి', హిందీ 'చాబీ' అక్కడి నుంచి వచ్చినవే. మన 'చెవి' కూడా ఆ వలస మాటేననీ, మనవాళ్లు దాన్ని వినే చెవితో కలిపేసుకున్నారనీ ఒక వాదం. కాదు, కన్నడిగులు 'బీగద కై' అని బీగానికి చెయ్యి తగిలించినట్టే మనం చెవి తగిలించామని ఇంకో వాదం. నా మొగ్గు మొదటిదానికే. ఆ పోర్చుగీసు మాటకు మూలం లాటిన్ 'క్లావిస్'. అదే ఫ్రెంచివారి నోట 'క్లెఫ్' అయి, ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తుగా స్టాఫ్ మొదట్లో వంకీలు తిరిగి కూర్చుంది. వాదం నిలబడితే వీధి తలుపు తాళం చెవీ, ట్రెబుల్ క్లెఫ్ఫూ అక్కాచెల్లెళ్లు!

ఇక 'సిగ్నేచర్'. లాటిన్ 'సిగ్నుమ్' అంటే గుర్తు. ఇక్కడ ఎవరూ చేవ్రాలు చేయడం లేదు.

'శ్రుతి గుర్తు' వినసొంపుగా ఉంది, కానీ అతకదు. ఎఫ్, సి స్థానాల్లో రెండు షార్పులు (స్వరాన్ని అర మెట్టు ఎక్కించే గుర్తులు) ఉన్నాయనుకోండి. అది డి మేజర్ కావచ్చు, బి మైనర్ కావచ్చు. మన లెక్కలో మొదటిది డి శ్రుతిలో శంకరాభరణం స్వరాలు, రెండోది బి శ్రుతిలో నఠభైరవి స్వరాలు. గుర్తు ఒకటే, ఆధారషడ్జాలు రెండు! ఏ స్వరాలను ఎక్కించాలో చెప్పింది గాని శ్రుతి ఏదో చెప్పలేదు. డోరికో అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో షిఫ్ట్, కె కలిపి నొక్కి పెద్ద బడి డి కొడితే రెండు షార్పులు వస్తాయి, చిన్న బడి డి కొడితే ఒక ఫ్లాట్ (అర మెట్టు దించే గుర్తు) వస్తుంది. ఒక్క శ్రుతి చెబితే దానికీ చాలదన్నమాట. అంతగా తెలుగే కావాలంటే 'స్వరస్థాన సూచి' అనండి. మెనూలో మాత్రం 'కీ సిగ్నేచర్' అనే ఉంచితే నాకు అభ్యంతరం లేదు.

'జోడించు'లో ఉన్నది జోడు, అంటే జంట. ఈమధ్య ప్రతి తెరమీదా ఇదే. తప్పనను గాని చెవికి ఇంపు కాదు. 'చేర్చు' మేలు. నిజానికి ఇక్కడ అదీ పూర్తిగా కుదరదు. షార్పూ ఫ్లాటూ లేని స్టాఫ్ కూడా సి మేజర్‌లోనో ఎ మైనర్‌లోనో ఉన్నట్టే లెక్క. మీరు ఉన్నదాన్ని మారుస్తున్నారు. మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌కైతే ఇలా రాయండి: 'ఏ బారు నుంచి మారాలో ఆ బారును ఎంచుకుని, పాలెట్‌లో కావలసిన కీ సిగ్నేచర్‌ను నొక్కండి. అన్ని స్టాఫ్‌లకూ పడుతుంది. ఒక్క స్టాఫ్‌కే కావాలంటే కంట్రోల్ మీట పట్టుకుని, దాన్ని ఆ బారు మీదికి లాగి వదలండి.' (ఆ మీట కూడా ఇంగ్లీషులో 'కీ'యే. దాన్నెవరూ తాళం అననందుకు సంతోషం.)

'శ్రుతి' మాటను ఇక్కడ ఖర్చు చేయవద్దనడానికి ఇంకో కారణం ఉంది. సి మేజర్‌లో పాటంతా రాసేసి, తర్వాత రెండు షార్పులు పెడితే పాట డికి ఎక్కదు. స్వరాలు ఉన్నచోటనే ఉంటాయి, ఎఫ్, సి స్వరాల పక్కన మాత్రం షార్పును రద్దు చేసే నేచురల్ గుర్తులు మొలుస్తాయి. 'శ్రుతి గుర్తు మార్చండి' అని చదివినవాడు పాటే ఎక్కుతుందని ఆశపడతాడు. అలా ఎక్కించేది ట్రాన్స్‌పోజ్. 'శ్రుతి మార్చు' అనే మాటను దానికి దాచిపెట్టండి.