ఒక కుక్కకు పనిచేసిన శిక్షణ మరో కుక్కకు ఎందుకు పనిచేయదు?

మీ మొదటి కుక్క ట్రీట్ చూపిస్తే చాలు అన్నీ నేర్చుకుందని, పెద్దయ్యాక తెచ్చుకున్న రెండోది మాత్రం గడప దాటితే ట్రీట్ వైపు కన్నెత్తి కూడా చూడదని, దాన్ని దారికి తేవాలంటే లీష్‌ను గట్టిగా గుంజాలని ఒక ట్రైనర్ సలహా ఇచ్చారని రాశారు. నేనూ ఈ దశ దాటి వచ్చినదాన్నే. కుక్కను బట్టి పద్ధతి మారాలన్న మీ ఆలోచన సరైనదే. అయితే పెరగవలసింది కఠినత్వం కాదు. ఆ కుక్కకు ఏది బహుమతి అవుతుంది, దేనికి ఎంత దూరంలో ఉంచి నేర్పాలి, ఎంత నెమ్మదిగా వెళ్లాలి అన్నవి మారాలి.

మా మొదటిది ల్యాబ్రడార్. కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం అన్నీ క్లిక్కర్‌తో (సరైన పని చేసిన క్షణాన్ని కుక్కకు తెలపడానికి టిక్కుమనిపించే చిన్న పరికరం), ట్రీట్లతో కొద్ది వారాల్లోనే నేర్చుకుంది. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుందని, వాటికి తిండి మీద ధ్యాస ఎక్కువని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించిన సంగతి చదివాక, నేను పద్ధతికి కట్టబెట్టిన ఘనతలో చాలా భాగం దాని ఆకలిదేనేమో అనిపించింది.

రెండోది పాత యజమాని వదిలేసిన కుక్క, మా ఇంటికి వచ్చేనాటికి రెండేళ్లది. మొదటిసారి క్లిక్కర్ నొక్కగానే చెవులు వెనక్కి అణిచి మంచం కిందికి దూరింది. బయటికి తీసుకెళ్తే ఊరికే ఆవులించేది, పెదవులు నాక్కునేది, పిలిస్తే ముఖం తిప్పుకునేది. ఇవన్నీ భయానికి గుర్తులైతే నేను మొండితనమనుకొని, అప్పటి ట్రైనర్ చెప్పినట్టు రెండు రోజులు లీష్ గుంజాను. మూడో రోజు ఉదయం కొక్కేనికి ఉన్న లీష్ చేతిలోకి తీసుకున్నానో లేదో, అది నిలబడ్డ చోటే మూత్రం పోసేసింది. ఆ రోజుతో గుంజడం మానేశాను.

కుక్క మన మీద పెత్తనం చేయాలని చూస్తుంది కాబట్టి లొంగదీయాలన్న వాదన మీకూ వినిపించే ఉంటుంది. దాని మూలం 1947లో షెంకెల్ అనే పరిశోధకుడు, బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం పోటీపడతాయని చెప్పిన అధ్యయనం. కానీ అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఉండే కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో రాశారు. పశువైద్యుల్లో జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా సంఘం 2021లో, ప్రవర్తన సమస్యలున్న వాటితో సహా అన్ని కుక్కలకూ బహుమతి ఆధారంగానే నేర్పాలని స్పష్టంగా చెప్పింది.

ఆ తర్వాతి వారం నేను ఏమీ నేర్పకుండా, అది తనంతట తాను ఏం చేస్తుందో ఒక పుస్తకంలో రాసుకున్నాను. మీరూ ముందుగా ఈ పని చేయమని నా మనవి. ఇంట్లో ఆవురావురుమని తినే కుక్క బయట తినడం లేదంటే, దానికి ట్రీట్ నచ్చలేదని కాదు, భయంతో గొంతు దిగడం లేదని అర్థమైంది. అది భయపడే సైకిలు ముప్పై అడుగుల దూరంలో ఉంటే ట్రీట్ తీసుకునేది, ఇరవై అడుగులకు వస్తే నోరు బిగించేసేది. అందుకని శిక్షణంతా ఆ ముప్పై అడుగుల అవతలే మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా దగ్గరికి జరిగాం. ఇంకో సంగతి కూడా ఆ రాతల్లోనే బయటపడింది: చెట్టు మొదలు కనిపిస్తే అది అక్కడే నిలబడి వాసన చూస్తూ ఉండిపోయేది. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడవచ్చని ప్రిమాక్ అనే మనస్తత్వవేత్త చెప్పినదే ఇక్కడ అక్కరకొచ్చింది. ఒక్కసారి నా వైపు చూస్తే మెల్లగా "మంచిది" అని, వెంటనే చెట్టు దగ్గరికి వదిలేదాన్ని. క్లిక్కర్ స్థానంలో ఆ మాటే సరిపోయింది.

మీ కుక్కకు బంతి కావచ్చు, తాడు లాగే ఆట కావచ్చు, భయపెట్టే వస్తువు నుంచి దూరంగా వెళ్లనివ్వడమే కావచ్చు. అది దేని కోసం మెడ చాచి ముందుకు నడుస్తుందో చూడండి. సాధనను మూడు నాలుగు నిమిషాలకు మించనివ్వకండి, అది తినడం ఆపేస్తే దూరం పెంచండి. ఈ మొండితనం ఇటీవలే హఠాత్తుగా మొదలైనా, కరవడానికి వస్తున్నా ముందు పశువైద్యునికి చూపించండి, ఎందుకంటే కీళ్ల నొప్పి ఉన్న కుక్కను కూర్చోమంటే అది వినకపోవడానికి కారణం శిక్షణలో ఉండదు.