నూతిలో పెట్రోలు వాసన: సొంతంగా బోర్లు వేయించి చూడొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం దగ్గర. మూడు నెలలుగా మా నూతి నీళ్లు పెట్రోలు వాసన వేస్తున్నాయి. సందు చివర బంకు ఉంది. అడిగితే "మా ట్యాంకులు బాగానే ఉన్నాయి, రుజువు తెండి" అన్నారు. వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టి ల్యాబ్‌కి ఇస్తే అన్నీ మామూలేనని రిపోర్టు వచ్చింది. వీధిలో అందరం చందాలు వేసుకుని రెండు మూడు బోర్లు వేయించి చూద్దామనుకుంటున్నాం. కేసుకు పనికొస్తాయా? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, బోర్ల మాట తర్వాత. ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం ఈ రోజే ఆపేయండి. నూతి మీద మోటారు ఉంటే స్విచ్ వేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నూతి అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. శుభ్రం చేయిద్దామని మనిషిని మాత్రం అస్సలు దింపకండి, ప్రాణం పోతుంది. వాసన గట్టిగా ఉంటే 101కి ఫోన్ చేయండి.

ఆ రిపోర్టు చూసి దిగులు పడకండి. మామూలు నీటి పరీక్షలో ఉప్పులు, పీహెచ్ లాంటివి చూస్తారు, పెట్రోలు జాడ వెతకరు. మీరు అడగాల్సినవి బెంజీన్, టోలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. ఇవి ఇట్టే ఆవిరైపోతాయి. అందుకే ల్యాబ్ వాళ్లిచ్చే చిన్న గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నింపి, ఐసు పెట్టెలో పంపాలి.

ఇక బోర్లు. దయచేసి వేయించకండి. మన రిగ్గు కంప్రెసర్ గాలితో తవ్వుతుంది, దొరకాల్సిన ఆవిరి ఆ గాలికే ఎగిరిపోతుంది. పెట్రోలు నీటిమట్టం మీద తేలుతుంది. రిగ్గు వాళ్లేమో పైభాగానికి కేసింగ్ దింపి, ఎక్కడో లోతు నీళ్లు తోడతారు. అంటే చూడాల్సిన పొరనే మూసేస్తారు. అంతకన్నా భయపడాల్సింది ఇంకోటి ఉంది: పైనున్న కాలుష్యం రాతి పగుళ్లలోకి దిగడానికి మీరే దారి వేసినట్టవుతుంది. బంకు తరఫు లాయరు దాన్నే పట్టుకుంటాడు.

సరైన పరిశోధన కాగితం మీద మొదలవుతుంది. ట్యాంకులు ఎక్కడున్నాయి, పైపులు ఎటు పోయాయి, ఏ ఏడాది వేశారు, స్టాకు రిజిస్టరులో ఎప్పుడైనా తరుగు వచ్చిందా, పక్కన పాత మెకానిక్ షెడ్డు ఏదైనా ఉండేదా, చుట్టూ నూతులెన్ని, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అన్నవన్నీ ముందు తేలాలి. ఆ తర్వాతే మట్టి శాంపిళ్లు, పరిశీలన బావులు (నీళ్లు వాడుకోవడానికి కాదు, మట్టం కొలిచి శాంపిల్ తీయడానికే వేసేవి). నేలలో నీరు ఎటు పోతోందో చెప్పాలంటే ఒకే గీత మీద లేని మూడు బావుల మట్టాలైనా కావాలి. విశాఖలో చాలాచోట్ల కింద ఖోండలైట్ రాయి, నీరు పగుళ్ల వెంట పోతుంది. రోడ్డు వాలు చూసి ఊహించుకుంటే పొరపాటే. బంకుకు ఎగువన, అంటే నేలలో నీరు వచ్చే వైపు కూడా ఒక బావి ఉండాలి. అక్కడ శుభ్రంగా ఉండి దిగువన పెట్రోలు దొరికితే మన వాదనకు బలం. వానలకు ముందు ఓసారి, తర్వాత ఓసారి చూడాలి.

ఇది చందాలతో అయ్యే పని కాదు, ఆ భారం మీది కూడా కాదు. రాజస్థాన్‌లోని బిచ్ఛరీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వల్ల బావులు పాడైన కేసులో, బాగుచేసే ఖర్చు కలుషితం చేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 1974 నీటి చట్టం భూగర్భ జలాన్నీ కాపాడుతుంది, తెలిసి కలుషితం చేయడాన్ని 24వ సెక్షన్ నిషేధిస్తుంది.

కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి విశాఖ ప్రాంతీయ కార్యాలయానికి వీధి వాళ్లంతా సంతకాలు చేసి ఫిర్యాదు ఇవ్వండి. కలెక్టరు గారికి ఒక కాపీ, బంకుకు లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. శాంపిల్ తీసేటప్పుడు బంకు వాళ్లనీ పిలవమని, రెండు భాగాలు చేసి సీలు వేసి ఇద్దరి సంతకాలూ తీసుకోమని మండలికిచ్చే ఫిర్యాదులో రాయండి. ఎదుటివాళ్ల కళ్ల ముందు తీసిన సీసాను తర్వాత కాదనడం కష్టం.

మండలి కదలకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి, చెన్నైలోని దాని దక్షిణ బెంచికి వెళ్లవచ్చు. సంయుక్త కమిటీ వేసి ఈ పరిశోధన చేయించమని అడగాలి. నష్టపరిహారానికి, నేల బాగుచేయించడానికి ఐదేళ్ల గడువుంది. మామూలు పర్యావరణ వివాదంగా వేస్తే మాత్రం ఆరు నెలలే, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. మీకు మూడు నెలలు అప్పుడే అయిపోయాయి. వాసన మొదట తెలిసిన తేదీ ఏదో, ఆ రోజు ఎవరెవరికి చెప్పారో, ఈ రాత్రే ఇంట్లో అందరూ కూర్చుని రాసి పెట్టండి.