బిడ్డా, రాసింది దాసుకునుడు కూడ రాతపనే

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన. లాప్‌టాప్ ఆన్ అయితలేదు, మూడు రోజులు నిద్ర లేదు, ఆఖరికి షాపాయన బాగు చేసి ఇచ్చిండు ఫైళ్ళన్నీ ఉన్నయ్ అని రాసినవ్, చదువుతుంటే నాకే గుండె దడదడ కొట్టుకున్నది. కథ ఎట్ల మొదలువెట్టాలె, సంభాషణ ఎట్ల రాయాలె అని అడిగినవ్ గని అవి తర్వాత మాట్లాడుకుందం, ముందుగాల రాసింది పోకుండ ఎట్ల దాసుకోవాల్నో చెప్త.

2009ల నా హార్డ్ డిస్క్ పోయింది. సీ డ్రైవ్‌ల ఉన్నదంత డి డ్రైవ్‌ల కూడ కాపీ పెట్టుకునేదాన్ని, రెండు జాగల ఉన్నయ్ కదా అని ధైర్యంగ ఉండేదాన్ని. డిస్క్ టక్ టక్ అని సప్పుడు చేసుకుంట ఆగిపోయినంక తెలిసింది, సీ, డి అనేటివి ఒక్క డిస్క్‌నే రెండు అర్రలు చేసినట్టు, ఇల్లు కూలితే రెండర్రలు కూలినట్టే. పదకొండు కథలు, సగం నవల అండ్లనే ఉండె. రికవరీ చేపిస్తే కొన్ని ఫైళ్ళు వచ్చినయ్, వేటికీ పేర్లు లేవు, తెరిస్తే సగం సగం ఉన్నయ్. నవల మళ్ళ రాసిన, కానీ బిడ్డా, అది ఆ నవల కాదు, మా అమ్మ చనిపోయిన ఏడాది రాసిన పేజీలు మళ్ళ ఎట్ల రాస్త?

మన బమ్మెర పోతన భాగవతం సంగతి నీకు తెలుసు. రాజు భూమిల పాతిపెట్టించిండని, అండ్ల కొంత చెదలు తిన్నదని జనం చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. 5వ స్కంధం గంగన, 6వది సింగన, 11, 12 నారయ రాసిన్రన్నది మాత్రం పుస్తకంలనే ఉన్నది. అంతటి కావ్యం కాబట్టి ఖాళీ జాగ పూరించేటందుకు ముగ్గురు కవులు దొరికిన్రు, నీ కథకు నాకథకు ఎవరొస్తరు చెప్పు.

ఇప్పుడు అసలు ముచ్చట. బ్యాకప్‌కు, అంటే కాపీలు దాసుకునేటందుకు, 3-2-1 అని ఒక లెక్క ఉన్నది, పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ దాన్ని అందరికి తెలిసేటట్టు చేసిండు. అసలుదానితోని కలిపి మొత్తం మూడు కాపీలు, అవి రెండు రకాల వాటిమీద, అండ్ల ఒకటి ఇంటి బయట. ఆ బయట ఉండాలె అన్నదాన్నే మనం తేలికగ తీసుకుంటం. 2023 జులై వానలు యాదికున్నయా, మన వరంగల్‌ల హంటర్ రోడ్డు దిక్కు కాలనీలు మునిగినయ్, భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా దోస్తు ఇంట్ల కంప్యూటరు, టేబుల్ సొరుగుల ఉన్న బ్యాకప్ డిస్కు రెండు ఒక్క దినమే నీళ్ళల్ల నానినయ్, ఆమె చేసిన తప్పేం లేదు, కాకపోతే రెండు ఒకే అర్రల ఉన్నయ్. అప్పటినుంచి నేను రెండు డిస్కులు పెట్టుకున్న, ఒకటి నా దగ్గర, ఇంకోటి కరీంనగర్‌ల మా చెల్లె బీరువాల, బతుకమ్మకు, సంక్రాంతికి పోయినప్పుడు దీన్ని అక్కడ పెట్టి దాన్ని తెచ్చుకుంట.

నువ్వు మాత్రం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, దానితోని పాటు నెట్‌ల ఫైళ్ళు దాసుకునే గూగుల్ డ్రైవ్, ఈ రెంటితోని మొదలువెట్టు. డ్రైవ్‌ల ఫ్రీగ 15 జీబీ ఇస్తరు, అండ్లనే నీ జీమెయిలు, ఫోటోలు కూడ లెక్కకు వస్తయ్. టైప్ చేసిన నవల మొత్తం రెండు మూడు ఎంబీ దాటదు, అంటే నీ జీవితమంత రాసినా నిండదు. నిండేది ఆడియోతోని. మీ నానమ్మ బతుకమ్మ పాటలు, ఒగ్గు కథ చెప్పేటాయన మాటలు రికార్డు చేసినవ్ గదా, కుదించకుండ దాసే వేవ్ ఫైలు, సీడీ అంత నాణ్యతతోని అయితే గంటకు 600 ఎంబీ పైనే పడుతది, ఫోన్ల మామూలుగ అయ్యేది చానా చిన్నగుంటది. ముందు బ్యాకప్ కావాల్సింది అవే. కథ మళ్ళ రాయొచ్చు, ఎంత బాధ అయినా రాయొచ్చు, నానమ్మ గొంతు మళ్ళ తేలేం. వాట్సాప్‌ల నాకు నేనే పంపుకున్న అని ఊకోకు, అది దాసుకునుడు కాదు.

ఇంకోటి, డ్రైవ్ ఫోల్డర్‌ల పెట్టిన కాబట్టి బ్యాకప్ అయిందనుకోకు. అది సింక్, అంటే రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉంచుడు. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడ కూడ పోతది, ట్రాష్‌ల 30 రోజులు ఉంటది, నువ్వు రెండు నెలలకు చూసుకుంటే ఇంక దొరకదు. అందుకే డిస్క్ కాపీ వేరేగ ఉండాలె. విండోస్‌ల ఫైల్ హిస్టరీ ఉంటది, డిస్క్ గుచ్చి ఆన్ చేస్తే మారిన ఫైళ్ళను అదే కాపీ చేస్తది, పాత వర్షన్లు కూడ దాస్తది, మనకు యాదికుండాల్సిన పని తప్పుతది. అయిపోయినంక డిస్క్ తీసి పక్కకు పెట్టు, ఫైళ్ళకు తాళమేసి పైసలడిగే వైరస్ వస్తే గుచ్చి ఉన్న డిస్క్‌కు కూడ తాళమేస్తది. పెన్ డ్రైవ్ జిరాక్స్ షాపుకు తీస్కపోయేటందుకే, దానిమీద నమ్మకం పెట్టుకోకు.

గూగుల్ అకౌంటుకు పాస్‌వర్డ్‌తోని పాటు ఫోన్ల రెండో తనిఖీ (2-స్టెప్ వెరిఫికేషన్) పెట్టుకుంటే బ్యాకప్ కోడ్‌లు ఇస్తరు, కాగితం మీద రాసి ఇంట్ల పెట్టుకో, ఫోన్ పోతే అవే దిక్కు. రెండేండ్లు ముట్టని అకౌంట్ తీసేసే అధికారం వాళ్ళకు ఉన్నది, అప్పుడప్పుడు తెరుస్తుండు.

మనసోంటి తెలుగు రాసేటోళ్ళకు ఇంకో బాధ ఉన్నది. నా పాత వ్యాసాలు యూనికోడ్ కాని పాత ‘అను’ తెలుగు ఫాంట్లల్ల, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌ల ఉన్నయ్, ఫైళ్ళు భద్రంగనే ఉన్నయ్ గని ఇయ్యాల నా కంప్యూటర్ల తెరిస్తే పిచ్చి గీతలే కనవడుతయ్. కాపీ ఉన్నా చదవరాకపోతే ఏం లాభం. నువ్వు యూనికోడ్‌లనే, అంటే ఏ ఫోన్ల అయినా కంప్యూటర్ల అయినా తెలుగు తెలుగులెక్కనే కనవడే పద్ధతిలనే టైప్ చెయ్యి, పూర్తయిన ప్రతి కథకు ఒక పీడీఎఫ్, ఒక మామూలు టెక్స్ట్ ఫైలు కూడ పెట్టుకో.

ఎన్ని పెట్టినా తెరిచి చూడని కాపీని నేను నమ్మ. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌ల నుంచి ఏదో ఒక కథ, ఒక పాట వేరే కంప్యూటర్ల తెరువు, ఆఖరి పేజీ దాక చూడు, పాట ఆఖరి దాక విను. వచ్చే ఆదివారం హన్మకొండ వస్తనన్నవ్ గదా, వచ్చేటప్పుడు డిస్క్ పట్టుకరా, నా కంప్యూటర్ల మీ నానమ్మ పాట పెట్టి విందాం, ఎక్కడన్న తెగితే ఆమె ఉండంగనే మళ్ళ పాడించుకోవచ్చు.