స్ట్రోక్ వచ్చాక మా వారు కారు నడపొచ్చా?

ప్రశ్న: మూడు నెలల కిందట మా వారికి స్ట్రోక్ వచ్చింది. చెయ్యీ కాలూ దాదాపు మామూలుగానే ఉన్నాయి. ఆయనకు బ్రిటన్ లైసెన్సు ఉంది. డీవీఎల్ఏకి (అక్కడ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) చెబితే లైసెన్సు పీకేస్తారని అందరూ భయపెడుతున్నారు. చెప్పకుండా ఊరుకోవచ్చా?

జవాబు: ఇక్కడి నియమం ప్రకారం స్ట్రోక్ వచ్చాక నెల రోజులు కారు ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఏ లోపమూ మిగల్లేదని డాక్టరు అంటే డీవీఎల్ఏకి చెప్పాల్సిన పనే లేదు. ఏదైనా మిగిలితే మాత్రం చెప్పి తీరాలి. దాచిపెడితే 1,000 పౌండ్ల దాకా జరిమానా ఉంటుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌తోనూ చిక్కే.

మనవాళ్లు చూసేది చెయ్యీ కాలూ. అసలు ప్రశ్న అది కాదు. కుడికాలు బలహీనపడితే ఎడమ కాలితో నొక్కే యాక్సిలరేటర్ బిగిస్తారు, ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగ్‌కి పిడి పెడతారు. మెదడు ఒక పక్కను పట్టించుకోవడం మానేస్తే దానికి బిగించే పరికరం లేదు. నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి తగిలించుకుంటున్నారా? చదివేటప్పుడు వరుస మొదట్లో మాటలు వదిలేస్తున్నారా? అలాంటివి కనిపిస్తే ముందు డాక్టరుకి చెప్పండి. చూపు పరిధి అడ్డంగా కనీసం 120 డిగ్రీలు ఉండాలి, అది మనం ఇంట్లో కొలిచేది కాదు.

డ్రైవింగ్ మొబిలిటీ సెంటర్లని ఉన్నాయి. డీవీఎల్ఏ పంపితే ఖర్చు లేదు, మీ అంతట మీరు వెళితే ఫీజు ఉంటుంది. అక్కడ థెరపిస్టు, డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ కలిసి చూస్తారు. 20 మీటర్ల నుంచి నంబర్ ప్లేటు చదివిస్తారు, బ్రేకు మీద కాలు ఎంత త్వరగా పడుతుందో, ఎంత గట్టిగా నొక్కుతారో కొలుస్తారు, ఏకాగ్రతకు కాగితం మీద పరీక్షలు పెడతారు. తర్వాత రోడ్డు మీదికి. ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా బ్రేకు ఉంటుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. పార్కింగ్ సరిగ్గా చేశారా అని ఎవరూ మార్కులు వేయరు. రౌండబౌట్ దగ్గర ఒకేసారి నాలుగు సంగతులు మీద పడ్డప్పుడు ఏది వదిలేస్తున్నారన్నదే చూస్తారు. ఇప్పుడే వద్దన్నా, కొన్ని పాఠాలు నేర్చుకుని మళ్లీ రమ్మనొచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నడపొద్దని డాక్టరు అంటే లైసెన్సు మీరే డీవీఎల్ఏకి తిరిగి పంపేయండి. కోలుకున్నాక మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, డాక్టరు సరేనంటే, నిర్ణయం వచ్చేలోపే నడిపే వీలు అక్కడి రోడ్ ట్రాఫిక్ చట్టంలోని సెక్షన్ 88 కింద మామూలుగా దొరుకుతుంది. వాళ్లే రద్దు చేస్తే ఆ వీలు పోతుంది. కాబట్టి లైసెన్సు పోతుందన్న భయంతో దాక్కోవడమే తెలివితక్కువ పని.

ఖాళీ పార్కింగ్‌లో ప్రాక్టీసు మాత్రం వద్దు. జనం వచ్చిపోయే చోటు కాబట్టి ఇన్సూరెన్స్ అక్కడా కావాలి. మీకు డ్రైవింగ్ వస్తే ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, కనబడే బోర్డులూ మనుషులూ సైకిళ్లూ పైకి చెప్పమనండి. ఏవి వదిలేస్తున్నారో ఒక కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి.