పది చేతుల పని

చిరంజీవి అమ్మణ్ణికి, తిరుపతి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ చదివాను. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. సెలవులిచ్చి ఇన్ని రోజులైనా ఇంట్లో ఐదుగురూ ఐదు మూలల్లో ఉంటున్నారనీ, అన్నానికి పిలిస్తే తప్ప ఒకచోట చేరడం లేదనీ రాశావు. అందరూ కలిసి సరదాగా చేసుకునే పని ఏదైనా చెప్పమన్నావు. అడిగావు, అదే సంతోషం.

ముందు ఒక మాట. ఎవరికీ ఉత్తుత్తి పని ఇవ్వొద్దు. మనం చపాతీలు చేసుకుంటూ పసిబిడ్డ చేతికి చిన్న పిండిముద్ద ఇచ్చి కూర్చోబెడతాం. మూడేళ్ళ బిడ్డకి అది చాలు. ఏడో తరగతి పిల్లకి చాలదు. తను లేకపోయినా ఆ పని జరిగిపోతుందని దానికి ఇట్టే తెలిసిపోతుంది, తెలిసిన వెంటనే లేచి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళ సంగతీ అంతే. అల్లుడు గారిని అంగడికి పంపించి సామాన్లు తెప్పించుకుని, తక్కిందంతా నువ్వే చేసుకుంటే ఆయన మళ్ళీ టీవీ ముందుకే వెళ్తారు. అందుకని, ఒక్కరు తప్పుకున్నా ఆగిపోయే పని చూసుకో. తయారైన వస్తువు ఇంట్లో నిజంగా వాడుకునేదిగా ఉండాలి. అటకెక్కించేదైతే రెండోసారి ఎవరూ ముందుకు రారు.

నన్నడిగితే ఈ సెలవులకి ఇంట్లో కలంకారీ గుడ్డ వేయండి, అదే, వెదురుకలంతో బొమ్మలు గీసి రంగులు వేసే గుడ్డ. శ్రీకాళహస్తి మనకి ఇంత దగ్గర. జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి ఈ పనికే 2008లో పద్మశ్రీ వచ్చింది. అంత గొప్ప విద్య మనకెలా వస్తుందని భయపడొద్దు. ఆ పనితనం రావడానికి ఏళ్ళు పడుతుంది, నిజమే. కానీ దానికి కావాల్సిన దినుసులన్నీ వంటింట్లోనూ, నాటుమందుల అంగడిలోనూ దొరికేవే. ఇంకొకటి, ఇది ఒక్కరోజులో తేలే పని కాదు. మధ్యమధ్యలో ఆగి ఎదురుచూడాలి. నీకు కావాల్సింది అదే కదా, రోజూ అందరూ ఒకసారి వచ్చి తొంగిచూసే పని.

మొదట నల్లరంగు. ఇది ఇవాళే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఊరడానికి పదిహేను ఇరవై రోజులు పడుతుంది. మట్టికుండ గానీ గాజుసీసా గానీ తీసుకుని అందులో తుప్పు పట్టిన మేకులు, బోల్టులు, విరిగిన గడియలు, ఏ ఇనుము దొరికితే అది వేసి, మంచి బెల్లం ముద్ద కొట్టివేసి మునిగేదాకా నీళ్ళు పోయండి. చిత్తూరులో ఉండి బెల్లానికి వెతుక్కోవాల్సిన పనేముంది. మూత బిగించొద్దు, గాలి బయటికి పోవాలి. పల్చని గుడ్డ కట్టి మిద్దె మీద ఒక నీడపట్టున పెట్టండి. మేకులు ఏరుకొచ్చే పని చిన్నోడికి అప్పగించు. ఇల్లంతా గాలించి తెస్తాడు. రోజూ పొద్దున ఒకసారి కర్రతో కలిపి, నురగ వచ్చిందా, వాసన మారిందా అని చూసి చెప్పే బాధ్యత కూడా వాడిదే. బెల్లం పులిసి పుల్లబడి ఇనుముని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. వాసన అంత బాగుండదు, ముందే చెప్తున్నాను. ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోకూడదని వాడికి గట్టిగా చెప్పు.

ఈ లోపల గుడ్డ సంగతి చూడండి. పాలిస్టర్ కలవని నూలుగుడ్డ, తెలుపు చేయనిది, రెండు మూడు మీటర్లు తెచ్చుకోండి. గంజి పోయేదాకా ఉతకాలి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ ఉతకాలి. ఆ తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చిపాలలో ముంచాలి. ఎనుముపాలైతే, అదే గేదెపాలైతే, మేలు. పాలలోని కొవ్వు వల్లే గీసిన రంగు గుడ్డంతా పాకకుండా ఉంటుంది. కరక్కాయలోని వగరు వల్ల ఇనుపనీళ్ళు నల్లబడతాయి. ఇక్కడ ఇద్దరు మనుషులు ఖాయంగా కావాలి. తడిసిన గుడ్డ బరువుగా ఉంటుంది, ఒకరు ఒక కొస, ఇంకొకరు ఇంకో కొస పట్టుకుని సమానంగా పిండాలి. లేకపోతే ఒకచోట పాలు గడ్డకట్టి మరక పడుతుంది. ఇది నువ్వూ అల్లుడు గారూ చేయండి. ఆయన చేతులు మోచేతుల దాకా పాలలో ఉంటే ఫోన్ మోగినా తీయలేరు. ఫోన్ పక్కన పెట్టండి అని నువ్వు అనాల్సిన అవసరమే రాదు. పిండిన గుడ్డని మంచి ఎండలో గబగబా ఆరేయాలి. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు, పాలు పులిసి కంపు కొడుతుంది.

ఏం గీయాలన్నదే ఇంట్లో గొడవ పడే చోటు. కాళహస్తి కలంకారీలో కథని గడులు గడులుగా విడగొట్టి గీస్తారు. మీరూ గుడ్డని గడులు చేసుకుని మనిషికొకటి పంచుకోండి. చుట్టూ అంచు మాత్రం అందరిదీ. మీ అత్తగారిని తన గడిలో పుట్టింటి ఊరు గీయమను. గీయడం రాదంటారు. అప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టు. బావి ఏ పక్క ఉండేది, చింతచెట్టు ఎంత పెద్దది, బండి ఎక్కడ విప్పేవాళ్ళు అని అది అడుగుతూ ఉండాలి, ఆవిడ చెప్తుంటే అది గీస్తూ ఉండాలి. నీకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా నీకే తెలియని సంగతులు ఆ పూట బయటికొస్తాయి. చిన్నోడికి ఏం గీయాలో తోచకపోతే మొన్న గంగమ్మ జాతరలో చూసిన వేషాలు గీయమను. మా తిరుపతి జాతరలో బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక రకం కడతారు. ఆ కళ్ళూ, బొట్లూ, కిరీటాలూ చిన్నపిల్లలు గీస్తేనే నిండుగా ఉంటాయి. మొదట చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో పైపైన గీసుకోండి. తప్పు పడితే దులిపేస్తే పోతుంది.

కలం కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. వెదురుపుల్ల ఒక కొస సన్నగా చెక్కి, మొనకి కొంచెం పైన పాత ఉన్నిగుడ్డ ముక్క ఉండలా చుట్టి దారంతో బిగించి కట్టాలి. కలాన్ని రంగులో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీస్తుంటే రంగు మొనకి జారుతుంది. చెక్కడం అల్లుడు గారి పని. మనిషికి రెండు చొప్పున పది చేసిపెట్టమను, సన్నగీతకి ఒకటి, లావుగీతకి ఒకటి.

ఇక గీసే రోజు అందరూ ఇంట్లో ఉండేటట్టు చూసుకో. ఇదొక్కటి నా మాట విను. ఇనుపనీళ్ళు వడగట్టి గిన్నెలో పోస్తే చూడటానికి పల్చని కాఫీలా ఉంటాయి. ఇదేం నలుపు అంటారు పిల్లలు. ఏమీ చెప్పకు. చిన్నోడి చేతే మొదటి గీత గీయించు. కలం తగిలిన చోట ముందు తడి మరక మాత్రమే కనిపిస్తుంది. చూస్తుండగానే అది బూడిదరంగుకి తిరిగి, అంచుల నుంచి నల్లబడి, నిమిషంలోపు కాటుక గీత అయిపోతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ, నీళ్ళలో ఉన్న ఇనుము కలిసి చేసే పని అది. ఆ తర్వాత వాళ్ళని అక్కడి నుంచి లేపడం నీ వల్ల కాదు. పాతబట్టలు మాత్రం వేయించు, ఆ మరక ఏ సబ్బుకీ పోదు.

గీత వంకరపోతే పోనీ. రాత్రి అందరూ పడుకున్నాక నువ్వు కూర్చుని దిద్దొద్దు, అమ్మణ్ణీ. నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు ముగ్గులో ఒక్క చుక్క పక్కకి జరిగినా మొత్తం చెరిపి మళ్ళీ పెట్టేదానివి. నీ ముగ్గు నీ ఇష్టం. బిడ్డ గడి మాత్రం బిడ్డదే. పొద్దున లేచి తన గీత మారిపోయి ఉండటం చూస్తే ఇక కలం ముట్టడు, ఎందుకని అడిగినా చెప్పడు.

నలుపొక్కటే వేసి ఆపేసినా గుడ్డ అందంగానే ఉంటుంది. ఓపిక ఉంటే ఎరుపు కూడా వేయండి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, ధారాళంగా నీళ్ళు పోసి జాడించి, మంజిష్ఠ పొడి వేసిన నీళ్ళలో ఉడికించాలి. పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట లేతగా అంటింది చాలావరకు ఉతికి ఎండేస్తే పోతుంది. పొయ్యి దగ్గర మీ అత్తగారు ఉండాలి, పిల్లలు కాదు. ఎంతసేపు ఉడకాలి, ఎప్పుడు దించాలి అనేది అనుభవం ఉన్న చెయ్యికే తెలుస్తుంది. ఆవిడ చెప్పినప్పుడే దించండి. పసుపురంగు కావాలని పాప పసుపు కలుపుతానంటుంది. పసుపు ఎండకి వెలిసిపోతుందని చెప్పు. దానిమ్మ తొక్కలు ఉడికించిన నీళ్ళు పటిక పూసిన చోట వేస్తే నిలుస్తుంది.

జాడించేటప్పుడు గుడ్డని ముద్దచేయొద్దు. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని పరిచి ఉంచితే ఐదో మనిషి పైపుతో నీళ్ళు పట్టాలి. మూట కడితే వదిలిన రంగు పక్క బొమ్మకి అంటుకుంటుంది. కాళహస్తిలో స్వర్ణముఖి పారేటప్పుడు ఏటినీళ్ళలో ఉతకడం అందుకే. వీలైతే గీయడానికి ముందే ఒక పూట అందరూ కలిసి అక్కడికి వెళ్ళి, పనిచేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని రండి. పొద్దున బయల్దేరితే నా దగ్గర భోంచేసి వెళ్ళొచ్చు.

ఇంత తతంగం వద్దనిపిస్తే మామిడి తాండ్ర వేసుకోండి. జూన్ వస్తే చిత్తూరులో తోతాపురికి కొదవ లేదు. గుజ్జులో చక్కెర గానీ బెల్లం గానీ కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పల్చగా పరిచి ఎండబెట్టి, మరుసటి రోజు దాని మీద ఇంకో పొర, ఆ మరుసటి రోజు ఇంకొకటి. పది పన్నెండు పొరలకి దళసరి అవుతుంది. పైన పల్చని గుడ్డ కప్పాలి. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వస్తుంది కాబట్టి మబ్బు కనిపెట్టి అరిచే మనిషి ఒకరు, పరిగెత్తి పళ్ళేలు దించే మనుషులు ఇద్దరు ఉండాలి. ఇదీ మంచి పనే. కాకపోతే తినేస్తే అయిపోతుంది, కలంకారీ మిగులుతుంది.

దసరా బొమ్మల కొలువు గురించి కూడా అడిగావు. అది నవరాత్రులకి ముందు మాట్లాడుకుందాం. మెట్లు బేసి సంఖ్యలో రావాలి, పెట్టెలూ పలకలూ కొలిచి మెట్లు కట్టే లెక్క అల్లుడు గారికీ పాపకీ వదిలెయ్. నా దగ్గరున్న తిరుపతి కొయ్యబొమ్మల జంట ఈసారి మీ ఇంటికే ఇస్తాను. మెట్ల మీద పరచడానికి కొన్న గుడ్డ వద్దు, ఇప్పుడు మీరు వేసే గుడ్డే పరవండి. అందుకే రెండు మూడు మీటర్లు తెమ్మన్నాను. మెట్ల వెడల్పు కొలిచి ఆ లెక్కకే కత్తిరించండి, చివర్లు మడిచి కుట్టడానికి బెత్తెడు అదనంగా ఉంచండి.

ఎవరికైనా మధ్యలో విసుగు పుడితే పోనివ్వు, బతిమాలొద్దు. గడి ఖాళీగా ఉంటే ఉండనీ. పక్క గడులు నిండుతుంటే తనే వచ్చి కూర్చుంటుంది పాప. నువ్వు తొందరపడి ఆ గడి నింపేస్తే మాత్రం ఇక రాదు.

బడులు తెరిచేలోపు గీత పని అయిపోవాలంటే మేకులు ఈ ఆదివారం లోపే కుండలో పడాలి. కరక్కాయ పొడి, మంజిష్ఠ ఇక్కడ నాటుమందుల అంగడిలో తీసుకుని పెడతాను. అల్లుడు గారు పనిమీద తిరుపతికి వచ్చినప్పుడు ఇంటికి రమ్మను, ఇచ్చి పంపుతాను. పాలు మాత్రం గుడ్డ ముంచే రోజు పొద్దునే తెచ్చుకోండి, ప్యాకెట్ పాలు వద్దు. మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

మీ పెద్దమ్మ