వెనక వెడల్పు టైర్లు వేయించే ముందు కట్టుకోవాల్సిన లెక్కలు

ఉద్యోగంలో కుదురుకుని, ఎన్నాళ్ల నుంచో మనసుపడ్డ మస్టాంగో కమారోనో లాంటి అమెరికన్ స్పోర్ట్స్ కారు కొన్న మనవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, వెనక 305 (మి.మీ. వెడల్పు టైరు) పడుతుందా?" పడుతుందా లేదా అన్నది టైరు నంబరు ఒక్కటే చూసి చెప్పేది కాదు. రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత), టైరు మొత్తం ఎత్తు తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. ఈ మూడూ కాగితం మీద లెక్క కట్టగలిగినవే. ఆ లెక్క చక్రాలు కొనకముందే కట్టండి. ఒకసారి టైరు ఎక్కించాక రిమ్‌ని చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

అసలు వెడల్పు వల్ల ఏమొస్తుందో ముందు తెలియాలి. బండి బరువు, టైరులో గాలి మారకపోతే రోడ్డుకి ఆనే విస్తీర్ణం పెద్దగా మారదు, దాని ఆకారం మారుతుంది. పొడవు తగ్గి, అడ్డంగా వెడల్పవుతుంది. దానివల్ల మలుపుల్లో పట్టు పెరుగుతుంది, రబ్బరు వేడిని బాగా తట్టుకుంటుంది, ఆగిన చోటు నుంచి గట్టిగా లాగించినప్పుడు చక్రం ఊరికే తిరగడం తగ్గుతుంది. కానీ వెడల్పు కన్నా రబ్బరు రకం ముఖ్యం. మంచి సమ్మర్ టైరు 275లో ఇచ్చే పట్టు, నాసిరకం ఆల్-సీజన్ టైరు 305లో కూడా ఇవ్వదు. మీ బండికి ఇంకా ఆల్-సీజన్ టైర్లే ఉంటే, పాత రిమ్‌ల మీదే మంచి సమ్మర్ టైర్లు వేసి కొన్నాళ్లు నడిపి చూడండి. చాలామందికి అక్కడితోనే సరిపోతుంది.

ఇక లెక్కలకు వద్దాం. ఉదాహరణకి 2015 నుంచి 2023 దాకా వచ్చిన మస్టాంగ్ తరంలో పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న జీటీని తీసుకుందాం. దాని ముందు చక్రాలకి 19×9 రిమ్ (19 అంగుళాల వ్యాసం, 9 అంగుళాల వెడల్పు) మీద 255/40 ఆర్ 19, వెనక చక్రాలకి 19×9.5 రిమ్ మీద 275/40 ఆర్ 19 టైర్లు కంపెనీ నుంచే వస్తాయి. వెనక ఆఫ్‌సెట్ ప్లస్ 52.5 మి.మీ.

మొదట ఎత్తు సంగతి. 275 టైరు వెడల్పు, 40 అంటే అందులో ఎంత శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తో. 275కి 40 శాతం అంటే సైడ్‌వాల్ 110 మి.మీ. 19 అంగుళాలంటే 482.6 మి.మీ. దానికి రెండు సైడ్‌వాల్‌లు కలిపితే మొత్తం వ్యాసం 702.6 మి.మీ. ఇప్పుడు 305/35 చూడండి: సైడ్‌వాల్ 106.75, వ్యాసం 696.1. తేడా ఒక శాతం లోపే, ఇబ్బంది లేదు. అదే తక్కువ ధరకి దొరికిందనో, చూడ్డానికి బాగుందనో 305/30 వేస్తే వ్యాసం 665.6కి పడిపోతుంది. అయిదు శాతానికి పైగా తగ్గినట్టు. కంపెనీ అమర్చినప్పుడు వెనక చక్రం ముందు చక్రం కన్నా రెండు శాతం పెద్దది. ఇప్పుడది మూడు శాతం చిన్నదైంది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ నాలుగు చక్రాల వేగాల్ని పోల్చుకుంటూ పనిచేస్తాయి. నేరుగా వెళ్తున్నా వెనక చక్రాలు జారుతున్నాయని అనుకుని అవి మధ్యలో పవర్ తగ్గించేస్తాయి, హెచ్చరిక లైటు వెలుగుతుంది. అందుకే ముందు-వెనక వ్యాసాల నిష్పత్తి కంపెనీ ఇచ్చిన దానికి ఒక శాతం అటూఇటూగా ఉండేలా చూసుకోండి.

ఫోర్-వీల్ డ్రైవ్ బండి అయితే ఈ విషయంలో ఏమాత్రం సడలింపు లేదు. ముందు వెనక చక్రాల చుట్టుకొలత తేడా వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు వెనక చక్రాలకి పంచే భాగం) లోని క్లచ్‌లు రోడ్డు మీద ఉన్నంతసేపూ జారుతూనే ఉంటాయి. వేడెక్కి చెడిపోతాయి, బాగుచేయించాలంటే చాలా ఖర్చు. అలాంటి బండికి నాలుగు టైర్లూ ఒకేసారి, ఒకే మోడల్‌వి మార్చాలి.

తర్వాత ఆఫ్‌సెట్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రిమ్ వెడల్పుకి సరిగ్గా నడిమధ్య ఒక గీత ఉందనుకోండి. హబ్‌కి (చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఆ గీత కన్నా బయటి వైపు ఎంత దూరంలో ఉంటే అంత ప్లస్ ఆఫ్‌సెట్. సంఖ్య పెరిగేకొద్దీ చక్రం లోపలికి పోతుంది, తగ్గేకొద్దీ ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) వైపు బయటికి వస్తుంది. 9.5 నుంచి 11 అంగుళాలకి వెళ్తే రిమ్ 38 మి.మీ. పెరుగుతుంది. అందులో సగం లోపలికి, సగం బయటికి, చెరో 19. ఆఫ్‌సెట్ 50 ఉన్న రిమ్ తీసుకుంటే చక్రం పాతదాని కన్నా 2.5 మి.మీ. బయటికి జరుగుతుంది. అంటే లోపలి అంచు 16.5, బయటి అంచు 21.5 మి.మీ. పెరిగినట్టు. అదే 11 అంగుళాల రిమ్ ఆఫ్‌సెట్ 35లో కొంటే లోపల ఒకటిన్నర మి.మీ. మాత్రమే పెరిగి, బయట 36.5 పెరుగుతుంది. టైరు ఫెండర్ దాటి బయటికి పొడుచుకొస్తుంది. రెండు రిమ్‌ల మీదా 19×11 అనే రాసి ఉంటుంది, బోల్టులూ కుదురుతాయి. ఆఫ్‌సెట్ అడగకుండా పాత రిమ్‌లు కొనొద్దని చెప్పేది ఇందుకే.

టైరు పొట్ట కూడా లెక్కలోకి తీసుకోవాలి. రిమ్ అర అంగుళం పెరిగితే అదే టైరు సుమారు 5 మి.మీ. వెడల్పవుతుంది. పైగా 305 అని రాసినవన్నీ ఒకే వెడల్పు ఉండవు. ఒక కంపెనీదానికి భుజాలు గుండ్రంగా, ఇంకో కంపెనీదానికి పలకగా ఉంటాయి, ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైర్లు మామూలుగా నిండుగా ఉంటాయి. అందుకే "ఫలానావాళ్ల బండికి పట్టింది" అన్నప్పుడు ఏ టైరుతో పట్టిందో కూడా కనుక్కోవాలి. ఏ టైరు ఎంత వెడల్పు రిమ్ మీద వేయొచ్చో తయారీదారు పట్టికలో ఉంటుంది. 305ని 9.5 రిమ్ మీద ఇరికిస్తే సైడ్‌వాల్ ఉబ్బి, ట్రెడ్ అంచులు రోడ్డుకి సరిగా ఆనవు. మలుపులో స్టీరింగ్ తిప్పాక బండి ఆలస్యంగా స్పందిస్తుంది. పాత రిమ్ ఉంచుకుని వెడల్పు టైరు మాత్రం వేద్దామనే ఆలోచన మానుకోండి.

ఈ లెక్కల్ని ఇప్పుడు బండి మీద సరిచూడాలి. అందరూ ఫెండర్ వైపే చూస్తారు గానీ, లోపలి వైపు తగలడమే ప్రమాదం. అక్కడ షాక్ అబ్జార్బర్, కంట్రోల్ ఆర్మ్‌లు, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు ఉంటాయి. ఫెండర్‌కి రాసుకుంటే చప్పుడుతో తెలుస్తుంది. బ్రేక్ గొట్టానికి రాసుకుంటే అది తెగేదాకా తెలియదు.

చదునైన చోట బండి లేపి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టండి. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకండి. చక్రం తీసి, వీలైతే స్ప్రింగ్ కూడా తీసేయండి. స్ప్రింగ్ ఉంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకునేలోపే బండి స్టాండ్ల మీంచి లేస్తుంది. స్ప్రింగ్ తీశాక పాత చక్రాన్ని తిరిగి బిగించి, కింద ఇంకో జాక్‌తో బంప్ స్టాప్ (సస్పెన్షన్ ఇంక నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా మెల్లగా పైకి లేపుతూ ప్రతి దశలో ఖాళీ కొలవండి. చేతులు దూరని చోట మట్టి ముద్ద పెట్టి నొక్కితే, మిగిలిన మందమే అక్కడున్న ఖాళీ. ఆ కొలతల్లోంచి పైన చెప్పిన 16.5నీ 21.5నీ తీసేయండి. చక్రంతో పాటే కదిలే షాక్, ఆర్మ్‌ల దగ్గర కనీసం 6 మి.మీ. మిగలాలి. బాడీకి అంటుకుని ఉన్న వాటి దగ్గర 10 దాకా ఉంటే నిశ్చింత, ఎందుకంటే మలుపుల్లో రబ్బరు బుష్‌లు నలిగి చక్రం పక్కకి జరుగుతుంది. సస్పెన్షన్ మార్పించి బండి ఎత్తు తగ్గించి ఉంటే ఆ ఎత్తులోనే కొలవాలి.

ఫెండర్ లోపలి అంచు కొద్దిగా తగులుతోందని తేలితే దాన్ని పైకి మడిపించవచ్చు. పెయింట్‌ని హీట్ గన్‌తో వేడిచేస్తూ, రోలర్‌తో కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవాలి. చల్లగా ఉన్నప్పుడు మడిస్తే పెయింట్ పగులుతుంది. రెండు రేకుల మధ్య ఉన్న సీలెంట్ చిట్లుతుంది కాబట్టి మళ్లీ పూయించాలి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఈ పని వదిలేస్తే రెండేళ్లు తిరక్కుండానే తుప్పు మొదలవుతుంది. బంపర్ ఫెండర్‌కి కలిసే చోట ఉండే స్క్రూని మర్చిపోతారు చాలామంది. టైరుని కోసేది తరచుగా అదే.

హబ్ దగ్గర మూడు సంగతులు చూడాలి. బోల్టుల వలయం సరిపోవాలి: ఈ మస్టాంగ్‌ది 5×114.3, అంటే 114.3 మి.మీ. వ్యాసం వలయం మీద అయిదు బోల్టులు. నడిమి రంధ్రం 70.5 మి.మీ.. రిమ్‌ది అంతకన్నా పెద్దదైతే సరైన కొలత రింగు వేయాలి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. మూడోది నట్టు ఆనే చోటు ఆకారం. కొన్ని రిమ్‌లకి శంఖు ఆకారం, కొన్నింటికి గుండ్రటి గిన్నె ఆకారం. ఒకదాని నట్టు ఇంకోదానికి బిగిస్తే అంచు మీద మాత్రమే ఆని, నడుస్తుంటే వదులవుతుంది. నట్టు స్టడ్ (హబ్ నుంచి పొడుచుకొచ్చే మరల కడ్డీ) మీద కనీసం ఆ స్టడ్ మందమంత లోతు ఎక్కాలి. 14×1.5 స్టడ్‌కి (14 మి.మీ. మందం, చుట్టుకి 1.5 మి.మీ.) అంటే తొమ్మిదికి పైగా చుట్లు. స్పేసర్ (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే పలక) వేసి నాలుగైదు చుట్లతో సరిపెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. స్పేసర్ తప్పదంటే హబ్‌కి సరిగ్గా అమరే రకం, దానికి తగ్గ పొడవైన స్టడ్‌లు వేయించండి. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు ఎప్పుడూ వద్దు. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ కొంటే అసలా అవసరమే రాదు.

రిమ్ వెనక జేడబ్ల్యూఎల్ (జపాన్ రిమ్ ప్రమాణం) లాంటి గుర్తు, మోయగల బరువు చెక్కి ఉన్నాయో లేదో చూడండి. టైరు లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు చెప్పే అంకె) డ్రైవర్ తలుపు పక్కన చీటీలో ఉన్న టైరుకి తగ్గకూడదు. 101 అంటే 825 కిలోలు, 102 అంటే 850. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) టైరు తన పూర్తి బరువు మోయాలంటే మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి. ఆ సంగతి మర్చిపోయి మరీ తక్కువ గాలితో తిప్పొద్దు. చీటీ మీదున్న ప్రెషర్‌తో మొదలుపెట్టడం సురక్షితం. పాత స్టాకు అంటగడతారేమో అన్న అనుమానం ఉంటే టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి: 2523 అంటే 2023లో 25వ వారం తయారీ.

బిగించే రోజు హబ్ ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో గీకేయండి. నట్లు చేత్తో ఎక్కించి, ఒకటి విడిచి ఒకటి నక్షత్రం ఆకారంలో బిగించి, చక్రం నేల తాకాక టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు ఇవ్వాలి. ఈ మస్టాంగ్‌కి 150 పౌండ్-అడుగులు, అంటే 203 న్యూటన్ మీటర్లు. మరలకి నూనె రాయొద్దు, రాస్తే అదే టార్క్‌కి స్టడ్ మరీ ఎక్కువ సాగుతుంది. కొత్త రిమ్ కూర్చున్నాక నట్లు కాస్త వదులవుతాయి కాబట్టి 50 నుంచి 100 మైళ్ల లోపు మళ్లీ టార్క్ చూడాలి. మొదటి వారం తర్వాత చక్రాల లోపలి అంచు, ఫెండర్ లైనర్ టార్చితో చూడండి. మెరిసిన గీత కనిపిస్తే అక్కడ రాసుకుంటున్నట్టే. అలైన్‌మెంట్ కూడా చేయించండి. వెడల్పు టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతే అందరూ క్యాంబర్‌ని (చక్రం నిలువుగా లోపలికో బయటికో వాలడాన్ని) అనుమానిస్తారు, చాలాసార్లు అసలు కారణం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పడం.

ఒక్క వెనకే వెడల్పు చేసి ఊరుకుంటే బండి స్వభావం మారుతుంది. వెనక పట్టు పెరిగి, మలుపులో ముందు చక్రాలు బయటికి జారడం ఎక్కువవుతుంది. 255కి 305 జోడీ నేరుగా దూసుకుపోవడానికి బాగుంటుంది గానీ, మలుపుల్లో ఆనందం కావాలంటే ముందు కూడా 275 లేదా 285కి పెంచాలి. దానికీ ఇదే లెక్క, ఇదే కొలత. ముందు వెనక కొలతలు వేరైతే టైర్లు ముందుకీ వెనక్కీ మార్చుకునే వీలుండదు కాబట్టి వెనక జత త్వరగా కొనాల్సి వస్తుందని ముందే అనుకోండి.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. లీజు బండి అయితే పాత చక్రాలు దాచి, తిరిగిచ్చేటప్పుడు అవే బిగించి ఇవ్వండి, ఫెండర్ జోలికి అస్సలు పోకండి. మార్పు సంగతి ఇన్సూరెన్స్‌కి చెప్పి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, వేరే రిమ్ వేసినంత మాత్రాన మొత్తం వారంటీ పోదు. అయితే ఆ రిమ్ వల్లే చెడిన బేరింగ్‌కి వారంటీ అడగలేరు. జర్మనీలో ఉంటే రిమ్‌కి ఆమోద పత్రం లేకుండా కొనొద్దు, చాలా మార్పుల్ని టీయూవీ లాంటి తనిఖీ సంస్థ చూసి నమోదు చేయాలి. టైరు గాలి సెన్సార్లు అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 433. వేరే ఖండం నుంచి రిమ్‌లు తెప్పించుకుంటే ఆ సెన్సార్లు మీ బండితో మాట్లాడకపోవచ్చు.

చివరగా చలి. మంచు పడే చోటికి కొత్తగా వచ్చినవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. సమ్మర్ టైరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే గట్టిపడి పట్టు కోల్పోతుంది. సున్నాకి బాగా దిగువన ఆ బండి కదిలించినా, టైరు నలిగినా ట్రెడ్ చీలిపోవచ్చు. వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద త్వరగా తేలుతుంది, మంచు మీద సన్న టైరు కన్నా సులువుగా జారుతుంది. కాబట్టి కంపెనీ ఇచ్చిన పాత చక్రాలు అమ్మేయకుండా, వాటికే వింటర్ టైర్లు, సెన్సార్లు వేయించి పెట్టుకోండి. నవంబర్‌లో మార్చి, వసంతంలో మళ్లీ వెడల్పు సెట్ ఎక్కించొచ్చు. సమ్మర్ టైర్లని ఆ నెలలన్నీ గడ్డకట్టే గ్యారేజీలో కాకుండా ఇంటి లోపలే, ఎండ తగలని చోట ఉంచాలి.