మాట్లాడుతున్న మనిషికి ఐసీయూ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, షుగర్ ఉంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో వణుకుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. బీపీ పడిపోయిందంటూ నేరుగా ఐసీయూలో చేర్చారు. ఆయన మాతో మాట్లాడుతూనే ఉన్నారు, వెంటిలేటర్ కూడా పెట్టలేదు. మూడు రోజుల తరువాత వార్డుకు మార్చారు. నిజంగా అవసరమై చేర్చారా, బిల్లు కోసమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కేస్ షీటు చూడకుండా ఆ వైద్యుల నిర్ణయం తప్పో ఒప్పో చెప్పడం సరికాదు. అయితే మీరు రాసిన వాటిలో బీపీ పడిపోవడం ఒక్కటే ఐసీయూకు తగిన కారణం కావచ్చు. మూత్రంలోని ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, ఇతర అవయవాలు దెబ్బతినడం మొదలైతే దానిని సెప్సిస్ అంటారు. అందులో రక్తనాళాలు వదులైపోతాయి. సెలైన్ ఎక్కించినా బీపీ నిలబడనప్పుడు, నార్‌ఎడ్రినలిన్ అనే మందును పంపుతో సన్నగా ఎక్కిస్తూ, సగటు రక్తపీడనం (బీపీ పై, కింది అంకెల నుంచి లెక్కగట్టేది) 65కు తగ్గకుండా మోతాదును ఎప్పటికప్పుడు సవరించాలి. గంటగంటకూ మూత్రం కొలవాలి. వార్డులో ఎందరో రోగులను చూసుకునే నర్సుకు అది సాధ్యమయ్యే పని కాదు. షుగర్ ఉన్న పెద్దవారు ఈ దశలోనూ మనుషులను గుర్తుపట్టి, మంచినీళ్లు అడిగి, ఇంటి సంగతులు మాట్లాడవచ్చు.

మాట మీద భరోసా పెట్టుకోకూడదని మన పల్లెల్లో పురుగుమందు కేసులు చూసిన వైద్యులకు బాగా తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు ఒంట్లోకి వెళ్లినవారికి మొదట చెమటలు, నోట నురగ వస్తాయి. అట్రోపిన్ అనే విరుగుడు మందుతో అవి తగ్గి, రోగి లేచి కూర్చుంటే ఇంటికి తీసుకెళ్తామని బంధువులు పట్టుబడతారు. కానీ ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ కండరాలు చచ్చుబడి, దిండు మీది నుంచి తల ఎత్తలేకపోతారు. ఆ వెనుకే ఊపిరి తీసే కండరాలూ చేతులెత్తేస్తాయి. అప్పుడు వెంటిలేటర్ అందుబాటులో ఉండాలంటే, ముందు నుంచే ఐసీయూలో ఉండాలి. డెంగీలోనూ జ్వరం తగ్గాకే కొందరికి బీపీ పడిపోతుంది.

ఒకే జబ్బుతో ఒకరు వార్డులో, ఇంకొకరు ఐసీయూలో ఉండటానికి కారణం ఇదే. ఊపిరితిత్తులు, గుండె, మెదడు, మూత్రపిండాలలో ఏదైనా తడబడుతోందా, తడబడవచ్చా అన్నదే ప్రధానం. పెద్ద ఆపరేషన్ అయినవారిని ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచేదీ అందుకే.

మీ అనుమానం మాత్రం నిరాధారమని కొట్టిపారేయను. ఐసీయూ రోజు ఖర్చు ఎంతో మనందరికీ తెలుసు. 24 మంది నిపుణులు రూపొందించిన, 2024 ఆరంభంలో వెలుగులోకి వచ్చిన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా, విషయం వివరించిన తరువాత రోగి లేదా దగ్గరి బంధువులు వద్దంటే ఐసీయూలో చేర్చరాదని చెబుతున్నాయి. కాబట్టి “ఈ రోజు ఏ అవయవానికి మందుతో గానీ యంత్రంతో గానీ ఏ ఊతం ఇస్తున్నారు, ఏది ఆపగలిగితే వార్డుకు మారుస్తారు?” అని రోజూ అడగడానికి మొహమాటపడవద్దు.

ఇప్పుడైనా డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. నార్‌ఎడ్రినలిన్ ఇచ్చినట్లు ఉంటే మీ సందేహం చాలావరకు తీరుతుంది. సెలైన్, యాంటీబయాటిక్‌లు మాత్రమే ఉంటే, రెండో రోజు, మూడో రోజు ఎందుకు ఉంచారో ఆ వైద్యుణ్ణే అడగండి.